అలవెన్సు

చీమకుర్తి క్వారీ గట్టు మీద
పొద్దున పదికే రేకుల కొట్టు పెనంలా కాలుతుంటే
లిన్ నన్నడిగాడు,
ఆ మాటకి అర్థం ఏంటని.

షియామెన్ నించి రాయి కొనడానికి వచ్చాడు.
పాతికేళ్ళుండవు. పచ్చ అట్ట నోటుబుక్కు.
ఎడమవైపు ఇంగ్లీషు,
కుడివైపు పుల్లలు పేర్చి గూడు కట్టినట్టు వాళ్ళ అక్షరాలు.
మొన్న క్రాకు రాసుకున్నాడు. నిన్న డస్టు.
డస్టుకి ఉదాహరణ అడగలేదు,
దగ్గుతూ రాసుకున్నాడు.

ఇవాళ అలవెన్సు.
ఫోనులో డిక్షనరీ ఒక్కటే చెప్పిందంట:
పిల్లలకి నెలనెలా ఇచ్చే చేతిఖర్చు.
"మరి రాయికి ఎవరిస్తారు?" అన్నాడు.

నేను టేపు పట్టే గుమాస్తాని.
పదో తరగతి రెండుసార్లు రాసిన ఇంగ్లీషు నాది.
అయినా ఈ మాట నాకు తెలుసు.
రోజుకి నలభైసార్లు రాస్తా.

రా, అని బ్లాకు దగ్గరికి తీసుకెళ్ళా.
టేపు లాగితే రెండొందల ఎనభై అయిదు.
పుస్తకంలో రాసింది రెండొందల ఎనభై.
ఈ అయిదూ అలవెన్సు.
వంకర పోయిన అంచుకి,
మిల్లులో రంపం తినేదానికి,
మీ ఓడలో ఒరుసుకునేదానికి.
కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనుకోవడం.
తలూపాడు. రాసుకున్నాడు.

మాలకొండయ్య డ్రిల్లు ఆపి నవ్వాడు.
"తరుగు అని చెప్పయ్యా ఆ అబ్బయ్యకి.
టంగుటూరులో పొగాకు చెక్కు కాటా ఎక్కిస్తే
తేమని చెప్పి కిలోలు కోసేవాళ్ళు గదా, అట్టాంటిదే.
మా నాయన బతుకులో సగం ఆ తరుగులోనే పోయింది."

నాకొచ్చినట్టు చెప్పా.
లిన్ వాళ్ళ తాత కొండ మీద తేయాకు పండించేవాడంట.
అక్కడా తేమ అనే కోసేవాళ్ళంట.
ఇద్దరూ కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు,
మధ్యలో నేను, చెప్పడానికేం లేక.

"ఇంకా?" అన్నాడు పెన్ను తియ్యకుండా.

ఇంకా అంటే,
మాలకొండయ్య జీతం చీటీలో
కింది నించి రెండో గడి. నెలకి మూడొందలు.
మోతకి, దుమ్ముకి.
కోసేదీ ఈ మాటే, ఇచ్చేదీ ఈ మాటే.
ఆయన ఎడమ చెవి పోయి ఆరేళ్ళు.
అన్నం దగ్గర పెళ్ళాం కుడిపక్కనే కూర్చుంటది.

ఇంకా అంటే,
పేరమ్మ నీళ్ళ క్యాను ఆలస్యంగా తెచ్చిన రోజు
మేస్త్రీ నోరు తెరిచి ఆగిపోయాడు,
రాత్రంతా ఆమె మొగుడికి ఊపిరాడలేదని ఎవరో చెవిలో వేస్తే.
ఆ ఆగిపోవడం కూడా అలవెన్సే, పుస్తకాల ఇంగ్లీషులో.
మేమైతే పోనీలే అంటాం.
"పోనీలే" అన్నాడు,
'నీ' దగ్గర గొంతు మేడ మీదికెక్కించి.

పేరమ్మ బ్లాకు మీద బకెట్టు నీళ్ళు పోసింది.
నల్లరాతిలో బంగారు రవ్వలు ఒక్కసారిగా లేచాయి.
ఆ రవ్వల కోసమే సముద్రం దాటి వస్తారు.
మేం రవ్వల్ని చూడం. ఆరడాన్ని చూస్తాం.
రాయంతా ఆరాక
తడి ఎక్కడ గీతలా మిగులుద్దో
అక్కడ వెంట్రుక చీలిక.

మిగిలింది. అంచు నించి జానెడు లోపల.
ఎర్ర పెయింటు అతని చేతికిచ్చా.
రూలు ప్రకారం పదిహేను సెంటీమీటర్లు కోసుకోవచ్చు.
చాలాసేపు ఆ గీతనే చూశాడు.
మాలకొండయ్య వీపు చూశాడు.
పది రాశాడు.

ఆ అయిదూ మా ఓనరుకి పోతాయి.
మాలకొండయ్యకి పైసా రాదు.
ఈ సంగతి లిన్‌కి చెప్పాలా వద్దా అని
నేను ఆలోచిస్తుండగానే,
అతను నాలుగడుగులు వేసి
ఆయన పక్కన నిలబడి,
"పోనీలే" అన్నాడు.

మాలకొండయ్య తల తిప్పలేదు.
అతను నిలబడింది ఎడమపక్క.